ఇరుకు ఎడమ కెరోటిడ్‌లో (మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ ధమని) ఒక్కచోటే, మెదడులో పాత మచ్చలు మూడు చోట్ల. ఎలా?

ప్రశ్న – ఏరియా ఆసుపత్రి ఫిజీషియన్

అందరికీ నమస్కారం. పేరూ ఊరూ తీసేసి ఒక రిపోర్టు పెడుతున్నాను. 68 ఏళ్ల మగమనిషి. షుగరు, బీపీ, 30 ఏళ్లుగా చుట్ట. కాలూ చెయ్యీ పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట పడిపోవడం ఎన్నడూ లేవంటున్నారు. మెడ మీద స్టెత్ పెడితే ఎడమవైపు బ్రూయి (ఇరుకులోంచి రక్తం పోయే చప్పుడు) వినిపించడంతో డాప్లర్ (రక్తం వేగం కొలిచే అల్ట్రాసౌండ్) చేయించాం.

డాప్లర్: ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ (మెదడుకి వెళ్లే కొమ్మ) మొదట్లో పీక్ సిస్టాలిక్ వెలాసిటీ (గుండె కొట్టినప్పటి గరిష్ఠ వేగం) సెకనుకు 260 సెంటీమీటర్లు, ఎండ్ డయాస్టాలిక్ (తర్వాతి కొట్టుకి ముందు మిగిలే వేగం) 105, ఆ కొమ్మకి మూలమైన కామన్ కెరోటిడ్‌తో నిష్పత్తి 4.2. కుడివైపు ఇరుకు 50 శాతం లోపే.

ఎమ్మారై: ఎడమ సెంట్రమ్ సెమీఓవలేలో (మెదడు లోపలి తెల్లని భాగం) ముందు నుంచి వెనక్కి వరసగా, రక్తం అందక చచ్చిన మూడు చిన్న పాత మచ్చలు, అంటే ఇన్‌ఫార్క్ట్‌లు. ఎడమ ఆక్సిపిటల్ కార్టెక్స్‌లో (మెదడు వెనక భాగపు పై పొర) ఒకటి. కుడి ఫ్రంటల్ లోబ్ (ముందు భాగం) లోపలి అంచున ఇంకొకటి. ఎమ్మార్ యాంజియోలో కుడి ఏ1 హైపోప్లాస్టిక్ (మామూలుకంటే సన్నం), ఎడమ పీసీఏ (మెదడు వెనక భాగానికి వెళ్లే ధమని) ఫీటల్ రకం.

రిపోర్టు చివర "వేర్వేరు రక్తనాళాల పరిధుల్లో పాత ఇన్‌ఫార్క్ట్‌లు, గుండె నుంచి గడ్డలు వస్తున్నాయేమో చూడండి" అని రాశారు. నా సందేహాలు మూడు. కుడివైపు మచ్చకీ, వెనక ఆక్సిపిటల్ మచ్చకీ ఎడమ కెరోటిడ్‌తో సంబంధం ఉంటుందా? లక్షణాలు లేవు కాబట్టి దీన్ని "అసింప్టమాటిక్" అనేసి ఊరుకోవచ్చా? బీపీ 170/90 ఉంది, ఎంత తొందరగా దించాలి?


జవాబు 1 – న్యూరో రేడియాలజీ

డాక్టరు గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ రిపోర్టులోనే ఉంది. యాంజియో వాక్యాన్నీ, ఇన్‌ఫార్క్ట్‌ల వాక్యాన్నీ విడివిడిగా రాసి వదిలేశారు. రెండూ కలిపి చదివితే ఐదు మచ్చలూ ఎడమ కెరోటిడ్ నుంచే రావచ్చు.

మెదడు అడుగున ఉండే వలయాన్ని థామస్ విల్లిస్ 1664లో వర్ణించాడు. బొమ్మల్లో క్రిస్టఫర్ రెన్ చెయ్యి ఉంది. ముందు రెండు కెరోటిడ్లు, వెనక బేసిలార్ ధమని, వీటిని కలుపుతూ ముందు ఒక కమ్యూనికేటింగ్ ధమని, వెనక రెండు. ఒక కెరోటిడ్ పూర్తిగా మూసుకుపోయి కూడా పక్షవాతం లేకుండా బతికి, వేరే జబ్బుతో చనిపోయిన మనిషి గురించి విల్లిస్ అప్పుడే రాశాడు. ఆ వైపు వెర్టెబ్రల్ ధమని (మెడ వెనక నుంచి మెదడుకి వెళ్లేది) మామూలుకంటే బాగా లావెక్కి ఆ లోటు పూడ్చిందని గమనించాడు. మనం ఈరోజు చెప్పుకుంటున్నదీ అదే సంగతి.

పాఠ్యపుస్తకాల్లో గీసే పూర్తి వలయం సగం మందికి కూడా ఉండదు. ఎక్కడో ఒకచోట సన్నబడటమో, లేకపోవడమో ఉంటుంది. మామూలు రోజుల్లో దానివల్ల నష్టమేమీ లేదు. కెరోటిడ్ ఇరుకైనప్పుడే ఆ లోపం పైకి తేలుతుంది.

ఇప్పుడు మీ పేషెంటు. ఏ1 అంటే కెరోటిడ్ నుంచి యాంటీరియర్ సెరిబ్రల్ ధమనికి వెళ్లే మొదటి ముక్క. కుడి ఏ1 సన్నగా ఉందంటే కుడి యాంటీరియర్ సెరిబ్రల్‌కి రక్తం ఎడమ ఏ1 నుంచి, ముందు కమ్యూనికేటింగ్ ధమని దాటి వస్తోంది. ఎడమ కెరోటిడ్ పూడిక మీద నుంచి రాలిన ముక్క అదే దారిలో కుడి ఫ్రంటల్ లోపలి అంచుకి చేరగలదు. ఫీటల్ రకం పీసీఏ అంటే, గర్భంలో ఉన్నప్పటిలాగే వెనక మెదడుకి వెళ్లే ధమని బేసిలార్ నుంచి కాక కెరోటిడ్ నుంచే పుట్టడం. కాబట్టి ఎడమ ఆక్సిపిటల్ మచ్చకి కూడా దారి ఎడమ కెరోటిడ్ నుంచే. "వేర్వేరు పరిధులు" అన్న మాట పుస్తకంలోని బొమ్మకు నిజం. ఈయన తలలో మాత్రం అవన్నీ ఒకే ధమని పరిధి.

సెంట్రమ్ సెమీఓవలేలో వరసగా ఉన్న మూడు మచ్చలది వేరే కథ. పూసల దండలా పేర్చినట్టుండే ఈ తీరు లోపలి సరిహద్దు ప్రాంతానిది. పైనుంచి దిగే మెడుల్లరీ కొమ్మలు, కింది నుంచి ఎక్కే లెంటిక్యులోస్ట్రయేట్ కొమ్మలు, రెండింటికీ చివరి భూమి అది. కాలువ చివరి మడికి నీరందనట్టు, ప్రవాహం తగ్గితే ముందు ఎండేది అక్కడే. మెదడుకి మామూలుగా 100 గ్రాములకి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. 20 దాకా పడితే కణాలు పని ఆపుతాయి, 10 కిందికి పోతే చచ్చిపోతాయి. ఈయన ఎడమ అర్ధగోళానికి సాయం ఎటునుంచి వస్తుంది? కుడి కెరోటిడ్ నుంచి రావాలంటే కుడి ఏ1 సన్నం. బేసిలార్ నుంచి రావాలంటే ఫీటల్ పీసీఏ ఉన్నచోట దాన్ని పీసీఏకి కలిపే పీ1 అనే వంతెన సన్నగానో, లేకుండానో ఉంటుంది. సాయం అందకపోగా, ఇరుకైన ఆ ఒక్క ధమనే రెండు యాంటీరియర్ సెరిబ్రళ్లనీ ఒక పీసీఏనీ కూడా మోస్తోంది.

గుండె పరీక్షలు మానమని కాదు. ఈసీజీ, ఎకో, కనీసం 24 గంటల హోల్టర్ (ఆగకుండా తీసే ఈసీజీ) చేయించండి. ఈ వయసులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం), కెరోటిడ్ పూడిక ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు. ఫిబ్రిలేషన్ దొరికితే మందే మారిపోతుంది. కాకపోతే అది దొరకనంత మాత్రాన "కారణం తెలియదు" అని రాయొద్దు.


జవాబు 2 – ఎమ్మారై టెక్నాలజిస్ట్

సార్, ముందు ఆ చుక్కలు నిజంగా ఇన్‌ఫార్క్ట్‌లేనా అన్నది తేల్చుకోవాలి. టీ2లో (నీరు తెల్లగా కనిపించే ఎమ్మారై బొమ్మ) తెల్లగా కనిపించే చిన్న చుక్కలన్నీ స్ట్రోకులు కావు.

పాత ఇన్‌ఫార్క్ట్ అయితే కనీసం 3 మి.మీ. ఉండాలి. ఫ్లెయిర్‌లో (మెదడు నీరు నల్లగా కనిపించే బొమ్మ) మధ్యలో నల్లగా, చుట్టూ తెల్లని అంచుతో కనిపించాలి. రక్తనాళాల చుట్టూ ఉండే ఖాళీలు కూడా మెదడు నీటి రంగులోనే ఉంటాయి. కానీ చాలావరకు 3 మి.మీ. లోపు, అంచు నున్నగా, చుట్టూ తెల్లదనం లేకుండా, నాళం నడిచే దిశలో సాగినట్టు ఉంటాయి. బేసల్ గాంగ్లియా (మెదడు లోతున ఉండే భాగం) అడుగున ఇవి పెద్దగా కూడా ఉంటాయి, అక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఇక మధ్యలో నల్లదనం లేకుండా మొత్తం తెల్లగా మబ్బులా ఉంటే అది వైట్ మ్యాటర్ మార్పు. దాన్ని ఇన్‌ఫార్క్ట్ లెక్కలో కలపకూడదు.

5 మి.మీ. స్లైసు, మధ్యలో గ్యాపు పెట్టి తీసిన ఫ్లెయిర్‌లో 3, 4 మి.మీ. మచ్చ జారిపోతుంది, లేదా సగమే కనిపించి మబ్బులా తోస్తుంది. వీలుంటే త్రీడీ ఫ్లెయిర్ అడగండి. డిఫ్యూజన్ (కొత్త మచ్చని పట్టించే బొమ్మ) తప్పనిసరిగా ఉండాలి. అందులో తెల్లగా ఉండి, దాని జంట బొమ్మ ఏడీసీలో నల్లగా ఉంటే ఆ మచ్చ సుమారు రెండు వారాల లోపుది. పేషెంటుకి ఏమీ తెలియకపోయినా ఆ పూడిక ఇప్పుడు చురుగ్గా ఉందన్నమాట. అలాంటిది కనిపిస్తే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పాలి.

ఎక్కడ ఉందన్నదీ చూడాలి. థాలమస్, పాన్స్, బేసల్ గాంగ్లియాలో రెండువైపులా ఉండే లాక్యూన్లు (చిన్న గుంటల్లాంటి మచ్చలు) ఎక్కువగా బీపీ, షుగరు వల్ల చిన్న నాళాలు చెడి వచ్చేవి. మెడ పూడికకి వాటిని అంటగట్టలేం. కార్టెక్స్‌ని తాకుతూ ఉన్నవి, ఇరుకున్న వైపే గుంపుగా ఉన్నవి అనుమానించాలి.

యాంజియో గురించి ఒక జాగ్రత్త. టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతి చూపించేది కదిలే రక్తాన్ని, నాళం గోడని కాదు. రక్తం నెమ్మదిగా పోతే సిగ్నల్ చచ్చిపోతుంది. ఉన్న కమ్యూనికేటింగ్ ధమని కూడా "లేదు" అని వస్తుంది, ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే తిప్పి చూపించే ఆ అందమైన బొమ్మ ఒక్కటే చూసి ఏ1 సన్నమా, పీ1 లేదా అని తేల్చకండి. సోర్స్ ఇమేజీలు (ఆ బొమ్మ కట్టడానికి వాడిన అసలు స్లైసులు) చూడాలి. సీడీలో అవి లేకపోతే సెంటర్‌ని అడిగి తెప్పించుకోండి, ఇస్తారు.


జవాబు 3 – వాస్కులర్ ల్యాబ్

డాప్లర్ అంకెలు 70 శాతం లేదా అంతకు మించిన గీతలోనే ఉన్నాయి. సాధారణంగా వాడే కొలతల్లో పీక్ వెలాసిటీ 125 దాటితే 50 శాతం, 230 దాటితే 70 శాతం. నిష్పత్తి 4 దాటడం, ఎండ్ డయాస్టాలిక్ 100 దాటడం కూడా దానికి తోడు.

అయినా ఈ కేసులో నేను ఒక్క డాప్లర్‌తో ఆగను. ఎడమ కెరోటిడ్ పక్కవాళ్ల బరువు కూడా మోస్తోందని పైన చెప్పారు కదా. ఎక్కువ రక్తం పోయే నాళంలో వేగం కూడా ఎక్కువే. అవతలి కెరోటిడ్ మూసుకుపోయినప్పుడు ఇవతలి ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించేది ఈ కారణంతోనే. నిష్పత్తి కొంత సరిచేస్తుంది గానీ పూర్తిగా కాదు. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: దాదాపు మూసుకుపోయిన నాళంలో వేగం పడిపోయి, ఇరుకు తక్కువేనని తప్పుగా అనిపిస్తుంది. సున్నం పట్టిన పూడిక నీడ కింద అసలేమీ కనపడదు. కాబట్టి సీటీ యాంజియోలో మిల్లీమీటర్లలో కొలవాలి.

శాతం ఎలా కట్టారో కూడా అడగండి. ఉదాహరణకి, ఇరుకు దగ్గర దారి 1.4 మి.మీ., పైన బాగున్నచోట 5 మి.మీ. అనుకోండి. పైన బాగున్నచోటితో పోల్చే నాసెట్ పద్ధతిలో 72 శాతం. అదే ఇరుకుని, బల్బ్ (కెరోటిడ్ మొదట్లోని ఉబ్బు) అసలు వెడల్పు 8 మి.మీ. అని అంచనా వేసి యూరోపియన్ పద్ధతిలో కడితే 82 దాటుతుంది. నాళం ఒక్కటే, అంకెలు రెండు. రిపోర్టులో పద్ధతి పేరు రాయకపోతే పోయిన ఏటి రిపోర్టుతో పోల్చి "పెరిగింది" అనడం ప్రమాదం.

ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (పుర్రె మీంచి చేసే డాప్లర్) అందుబాటులో ఉంటే మెదడు దగ్గర ఇంకా ఎంత నిల్వ శక్తి ఉందో చెప్పొచ్చు. కణత మీద ప్రోబ్ పెట్టి 45 నుంచి 60 మి.మీ. లోతులో మిడిల్ సెరిబ్రల్ ధమనిని పట్టుకోవాలి. మామూలు ఊపిరి మధ్యలో 30 సెకన్లు బిగపట్టమనాలి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చిన్న నాళాలు విప్పుకుని వేగం పెరగాలి. పెరిగిన శాతాన్ని సెకన్లతో భాగిస్తే బ్రెత్ హోల్డింగ్ ఇండెక్స్ వస్తుంది. వేగం 50 నుంచి 62కి వెళ్తే 24 శాతం, 30తో భాగిస్తే 0.8, ఫర్వాలేదు. 50 నుంచి 58కే ఆగితే 0.53. 0.69 కిందికి వస్తే చిన్న నాళాలు ముందే పూర్తిగా విప్పుకుని ఉన్నాయి, ఇక విప్పుకునే చోటు లేదని అర్థం.

ఎక్కువగా చెడేది ఊపిరి పట్టించడంలోనే. గట్టిగా పీల్చి బిగపట్టమంటే ఛాతీలో ఒత్తిడి పెరిగి వేగం ముందు పడిపోతుంది, లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లు 30 సెకన్లు ఉండలేరు. 18 సెకన్లే ఉంటే 18తోనే భాగించండి. మధ్యలో కాస్త విరామం ఇచ్చి రెండు మూడుసార్లు చేసి సగటు తీయండి, రెండు వైపులా చేయండి. కొంతమందికి, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లకి, కణత ఎముక మందంగా ఉండి అలలు లోపలికి పోవు. అప్పుడు "కిటికీ దొరకలేదు" అని రాయాలే గానీ "ప్రవాహం లేదు" అని రాయకూడదు.

ఇంకో గంటసేపు అదే ధమని మీద ప్రోబ్ కట్టి ఉంచితే పూడిక నుంచి రాలే సూక్ష్మ ముక్కలు కీచుమన్న శబ్దంతో దొరుకుతాయి. ఒక్కటి దొరికినా ఆ పూడికని లెక్కలోకి తీసుకోవాలి.


ప్రశ్న వేసినవారు

మూడు జవాబులకీ కృతజ్ఞతలు. కుడి ఫ్రంటల్ మచ్చ ఎడమ మెడ నుంచి రావచ్చని నాకు తట్టలేదు. మిగిలిన రెండూ చెప్పండి: అసింప్టమాటిక్ అనొచ్చా? బీపీ మాటేమిటి?


జవాబు 4 – స్ట్రోక్ క్లినిక్

అసింప్టమాటిక్ అనేముందు ఆయన్నీ, ఇంట్లోవాళ్లనీ ఇంకోసారి కూర్చోబెట్టి అడగండి. "పక్షవాతం వచ్చిందా?" అంటే లేదనే అంటారు. అడగాల్సిన తీరు వేరు. ఎడమ కంటికి ఎప్పుడైనా కాసేపు తెర దిగినట్టయిందా? కుడిచేత్తో అన్నం కలుపుతుంటే ముద్ద జారిపోయిందా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారా, ఐదు పది నిమిషాల్లో సర్దుకుందా? మాట గొంతు దాకా వచ్చి బయటికి రాలేదా? ఎడమ కాలు ఈడుస్తుంటే మోకాలి నొప్పి అనుకున్నారా? ఈ చివరిది కుడి ఫ్రంటల్ మచ్చ కోసం. ఆక్సిపిటల్ మచ్చ కోసం ఎదురుగా కూర్చుని వేళ్లు కదిలించి కుడివైపు చూపు పరీక్షించండి. కుడి భుజం గుమ్మానికి తగులుతోందా, పేపరు చదివేటప్పుడు తర్వాతి మాట దొరక్క ఆగిపోతున్నారా అని అడగండి. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ఆ లోపం చదువులోనే ముందు బయటపడుతుంది. తెలుగులో ఉన్న మోకా పరీక్ష (జ్ఞాపకం, ఆలోచన చూసేది) కూడా చేయండి. లక్షణం లేదని సైలెంట్ అని పేరు పెట్టిన వాటిలో చాలా మచ్చలు మనిషిని నెమ్మదింపజేస్తాయి: లెక్కల్లో తడబాటు, నడకలో బద్ధకం, మాటామంతీ తగ్గడం. వయసు అని సరిపెట్టుకుంటారు.

గత 6 నెలల్లో ఇలాంటిది ఒక్కటి నికరంగా తేలినా అది సింప్టమాటిక్ కెరోటిడ్. అప్పుడు ఆలోచన మారిపోతుంది. 1991 నాసెట్‌లో (పూడిక తీసే ఆపరేషన్‌ని మందులతో పోల్చిన ట్రయల్) 70 నుంచి 99 శాతం ఇరుకున్నవాళ్లకి రెండేళ్లలో ఆ వైపు స్ట్రోక్ మందులతో 26 శాతం, ఆపరేషన్‌తో 9 శాతం. లక్షణం వచ్చిన 14 రోజుల్లోపు ఆపరేషన్ జరిగితేనే ఆ లాభం నిండుగా దక్కుతుంది.

ఏమీ తేలకపోతే నిర్వచనం ప్రకారం అసింప్టమాటిక్కే. కానీ అందరిలాంటి అసింప్టమాటిక్ కాదు. 60 శాతం పైన ఇరుకు ఉన్న అసింప్టమాటిక్ పేషెంట్లను ఏసీఎస్ఆర్ఎస్ అధ్యయనంలో గమనించినప్పుడు, సీటీలో ఎంబాలిక్ (కొట్టుకొచ్చిన ముక్క అడ్డుపడిన) తరహా సైలెంట్ ఇన్‌ఫార్క్ట్ ఉన్నవాళ్లకి ఏడాదికి 3.6 శాతం, లేనివాళ్లకి 1 శాతం స్ట్రోక్ వచ్చింది. యూరోపియన్ వాస్కులర్ సర్జరీ మార్గదర్శకాలు సైలెంట్ ఇన్‌ఫార్క్ట్‌నీ, తగ్గిన నిల్వశక్తినీ, రాలుతున్న సూక్ష్మ ముక్కల్నీ ఎక్కువ ప్రమాద సూచనలుగా లెక్కిస్తాయి. మీ పేషెంటుకి మొదటిది ఉంది, రెండోది ఉండే అవకాశం బలంగా ఉంది. కాబట్టి వాస్కులర్ టీముకి చూపించాల్సిందే.

చూపించే ముందు మందులు మొదలవ్వాలి. ఆస్పిరిన్ 75 మి.గ్రా., అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80, ఎల్డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు, చుట్ట పూర్తిగా బంద్. ఖైనీ, గుట్కా ఉంటే అవి కూడా. ఆపరేషన్‌కి అనుకూలంగా చెప్పే పాత లెక్కలు, అంటే 1995 ఏకాస్‌లో (లక్షణాలు లేనివాళ్ల ట్రయల్) ఐదేళ్లకి స్ట్రోక్ 11 శాతం నుంచి 5.1కి తగ్గిందన్నవి, స్టాటిన్లు ఇంతగా వాడని రోజులవి. ఇప్పుడు మందులొక్కటే వాడినా స్ట్రోకులు అప్పటికంటే బాగా తక్కువ. ఆపరేషన్ చేసే చోట లక్షణాలు లేనివాళ్లలో స్ట్రోక్, మరణం కలిపి 3 శాతం లోపు ఉండాలి, మనిషికి ఇంకా ఐదేళ్ల ఆయుష్షు ఆశించదగ్గట్టు ఉండాలి. ఆ అంకె మొహమాటపడకుండా అడగండి.

ఈయన వలయం గురించి సర్జన్‌కీ మత్తు డాక్టరుకీ ముందే రాసి పంపండి. ఎడమ కెరోటిడ్‌కి క్లాంప్ పెట్టిన నిమిషాల్లో అటువైపు మెదడుకి వేరే దారి లేదు. స్టంప్ ప్రెషర్ (క్లాంప్‌కి పైన ధమనిలో మిగిలే ఒత్తిడి) 40 మి.మీ. కిందికి పోయే అవకాశం ఎక్కువ, షంట్ (రక్తాన్ని పక్కదారిలో పంపే గొట్టం) సిద్ధంగా ఉండాలి. స్టెంట్ అంటే కోత ఉండదు గనుక తేలిక అనుకుంటారు. కానీ లక్షణాలున్న పేషెంట్లలో చేసిన ఐసీఎస్ఎస్ ట్రయల్ ఎమ్మారై భాగంలో కొత్త డిఫ్యూజన్ మచ్చలు స్టెంట్ తర్వాత 50 శాతం మందికి, ఆపరేషన్ తర్వాత 17 శాతం మందికి కనిపించాయి. సైలెంట్ స్ట్రోకులు ఆపాలని వెళ్లి సైలెంట్ స్ట్రోకులే తెచ్చుకోకూడదు కదా.

ఇక బీపీ. దించాలి, కానీ వారాల మీద. 170 నుంచి ఒకేరోజు 120కి లాగొద్దు. చిన్న నాళాలు ముందే విప్పుకుని ఉన్న మెదడులో రక్తప్రవాహం నేరుగా బీపీని బట్టే నడుస్తుంది. ఆ పూసల దండలో నాలుగో పూస చేరేది అలాంటప్పుడే. నాలుక కింద నిఫెడిపిన్ అసలే వద్దు. ఒక మందుతో మొదలుపెట్టి రెండు మూడు వారాలకోసారి చూసుకుంటూ ముందు 140/90 లోపుకి తెండి. తట్టుకుంటే, కెరోటిడ్ సంగతి తేలాక, 130/80 వైపు. ప్రతిసారీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకి ఒకసారి కొలవండి. పైది 20 గానీ కిందిది 10 గానీ పడిపోతే మందు పెంచొద్దు. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడుతున్నారేమో అడగండి, వేరే డాక్టరు రాసింది మనకి చెప్పరు. మే నెల ఎండల్లో నీళ్ల మాత్ర వాడుతూ పొలం పనికి పోవడం, రెండు రోజుల విరేచనాలు, ఉపవాసం – వీటిలో ఏదైనా ఉంటే ఆ రోజుల్లో మందుల సంగతి ఫోన్ చేసి అడగాలని ఇంట్లోవాళ్లకి చెప్పి పంపండి.


జవాబు 1 – న్యూరో రేడియాలజీ, మళ్లీ

సీటీ యాంజియోకి రాసేటప్పుడు "మెడ" అని ఒక్కమాట రాసి వదలకండి. "అయోర్టిక్ ఆర్చ్ నుంచి నడినెత్తి దాకా, ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ ఇరుకు నాసెట్ పద్ధతిలో, పూడిక స్వభావం, రెండు ఏ1, రెండు పీ1, కమ్యూనికేటింగ్ ధమనుల వెడల్పు మి.మీ.లలో, ఇంట్రాక్రేనియల్ ఇరుకులు" అని రాయండి. చివరిది మరిచిపోవద్దు. మనవాళ్లలో తలలోపలి ధమనుల పూడిక ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్ స్ట్రోక్ రిజిస్ట్రీలోనూ మెడకంటే తల లోపలి పూడికే ఎక్కువగా కనిపించింది. ఎడమ మిడిల్ సెరిబ్రల్ మొదట్లో కూడా ఇరుకు ఉంటే పూసల దండకి అదీ కారణమే కావచ్చు, అప్పుడు మెడ ఆపరేషన్‌తో రావాల్సినంత లాభం రాదు.

షుగరు మనిషి కాబట్టి ముందు క్రియాటినిన్ చూడండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత లెక్క) 30 పైన ఉండి, కిడ్నీకి కొత్త దెబ్బ ఏమీ లేకపోతే మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు. 30 కిందైతే కాంట్రాస్ట్ (స్కాన్ కోసం ఎక్కించే మందు) ఇచ్చే రోజున ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష మళ్లీ చేశాకే మొదలుపెట్టాలి. ఆ రోజు పరగడుపున గంటలకొద్దీ వరండాలో కూర్చోబెట్టకుండా నీళ్లు తాగించండి. కిడ్నీకి ఎంత మంచిదో, ఆ ఎడమ అర్ధగోళానికీ అంతే మంచిది.